జీడి సీజన్‌లో రైతుల పేమెంట్లు, సీసీ ఖాతా, క్యూఆర్ వసూళ్లు: కాశీబుగ్గ యూనిట్‌కి ఏ ఏర్పాటు మంచిది?

కాశీబుగ్గ_చిట్టా

అందరికీ నమస్కారమండి. కాశీబుగ్గలో జీడిపప్పు యూనిట్, ముగ్గురు పార్ట్‌నర్ల సంస్థ. లెక్కలు ట్యాలీలో నేనే రాస్తాను. వచ్చే సీజన్‌లోపు డబ్బులు వేసే పద్ధతి మార్చాలి. ఇప్పుడు నడుస్తున్నది ఇది:

పిక్కల (పెంకు తీయని జీడిగింజల) కొనుగోలు రద్దీగా ఉన్న రోజు ఉద్దానం ఊళ్ల నుంచి 20, 25 మంది రైతులు వస్తారు. ఒక్కొక్కరిది నాలుగైదు బస్తాలు (80 కేజీలది), అంటే మనిషికి 50 నుంచి 70 వేలు. పెద్ద పార్ట్‌నర్ గారు సొంత ఫోన్లోంచి యూపీఐ కొడతారు, ఇద్దరికి వేసేసరికి లక్ష అయిపోతుంది. మిగతావాళ్లకి నెట్ బ్యాంకింగ్‌లో ఒక్కొక్కటిగా నెఫ్ట్. కొందరికి క్యాష్.

పప్పు అమ్మిన డబ్బు ఆర్టీజీఎస్‌లో ఒక బ్యాంకు కరెంట్ ఖాతాకి వస్తుంది. సీసీ (క్యాష్ క్రెడిట్, సరుకు హామీ మీద బ్యాంకు ఇచ్చే అప్పు ఖాతా) మాత్రం ఇంకో బ్యాంకులో, లిమిట్ 2 కోట్లు. కరెంట్ ఖాతాలో ఎప్పుడు చూసినా 12 నుంచి 15 లక్షలు ఉంటాయి. రోడ్డు మీద రిటైల్ కౌంటర్‌కి క్యూఆర్ ఉంది, దాని జమ ఏ రోజూ బిల్లులతో కలవదు.

అడిగేవి: రైతులందరికీ ఒకేసారి వేసే దారి ఏది? రెండు బ్యాంకులు ఉంచుకోవాలా, వద్దా? డబ్బు వేరే ఖాతాకి పోకుండా ఏటి చూసుకోవాలి? క్యూఆర్ లెక్క ఎలా కలపాలి?

---

రాజాం_మేకర్

ముందుగా ఆ సొంత ఫోన్ యూపీఐ ఆపించండి. వ్యక్తి నుంచి వ్యక్తికి రోజుకి లక్ష, చాలా బ్యాంకుల్లో 20 లావాదేవీలు, అక్కడితో సరి. పైగా అది సంస్థ డబ్బు కాదు. పుస్తకాల్లో ప్రతి రైతు పేమెంటూ పార్ట్‌నర్ ఖాతా మీదుగా తిప్పి రాయాలి. ఏడాది చివర ఆయన క్యాపిటల్ ఖాతా చూస్తే పిక్కల కాటా చీటీల కట్టలా ఉంటుంది.

మీకు కావాల్సింది కార్పొరేట్ నెట్ బ్యాంకింగ్‌లో బల్క్ అప్‌లోడ్, అంటే అందరి పేమెంట్లూ ఒకే ఫైలులో ఎక్కించడం. అడిగేటప్పుడు ఏ రకం అడుగుతున్నారో చూసుకోండి. ఉదాహరణకి ఎస్‌బీఐలో సరళ్ అంటే ఒక్కరే నడిపేది. వ్యాపార్, విస్తార్‌లలో ఎక్కువమంది యూజర్లు, ఒకరు ఎక్కించి ఇంకొకరు ఆమోదించే పద్ధతి ఉంటాయి. పార్ట్‌నర్‌షిప్ కాబట్టి ఖాతా ఎవరు నడపాలో చెప్తూ అందరూ సంతకాలు పెట్టిన మ్యాండేట్ లెటర్ అడుగుతారు. అందులో రాసింది డీడ్‌లో (భాగస్వామ్య పత్రంలో) ఉన్నదానికి తేడాగా ఉంటే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. డీడ్‌లో "ఏ ఇద్దరైనా" అని ఉండి లెటర్‌లో "ఎవరైనా ఒకరు" అని రాస్తే చెల్లదు.

మీ యూనిట్‌కి నేనైతే ఇలా పెడతాను. మీరు మేకర్: ఫైలు ఎక్కిస్తారు, డబ్బు కదిలించలేరు. రోజు మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఒక పార్ట్‌నర్ ఆమోదం, దాటితే ఇద్దరిది. చెకర్ (ఆమోదించే పార్ట్‌నర్) ఓటీపీ వచ్చే ఫోన్ మీ టేబుల్ మీద ఉండకూడదు. సీజన్‌లో ఆయన ఊళ్లు తిరుగుతుంటారని ఫోన్ ఆఫీసులో వదిలేస్తే రెండు తాళాలూ ఒకే మేకుకి తగిలించినట్టే.

ఫైలులో ఎక్కువగా తప్పు జరిగేది ఎక్సెల్ దగ్గర. ఎక్సెల్ 15 అంకెల వరకే ఖచ్చితంగా పట్టుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరు కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది. ముందు సున్నాలున్న నంబరైతే ఆ సున్నాలు ఎగిరిపోతాయి. నంబర్లు కొట్టకముందే ఆ కాలమ్ మొత్తాన్ని టెక్స్ట్‌గా మార్చాలి, కొట్టాక మారిస్తే పోయిన అంకె తిరిగిరాదు. నెఫ్ట్‌లో డబ్బు ఖాతా నంబరు చూసే జమవుతుంది, పేరు చూడరు. తప్పు నంబరు మీద నిజంగా ఖాతా ఉంటే డబ్బు ఆ మనిషికి పోతుంది, వెనక్కి రాదు. అసలు ఖాతా లేకపోతేనే తిరిగొస్తుంది. ఒక రకంగా అదే అదృష్టం.

అందుకే కొత్త రైతుని చేర్చేటప్పుడు పేరు చూసుకునే సౌకర్యం వాడండి. ఆర్టీజీఎస్, నెఫ్ట్‌లకి లబ్ధిదారు పేరు చూపించే ఏర్పాటు 2025 ఏప్రిల్ 1 కల్లా పెట్టాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. దానికి చార్జీ లేదు. నంబరు, ఐఎఫ్ఎస్‌సీ (బ్రాంచి కోడ్) కొడితే బ్యాంకు రికార్డులో ఉన్న పేరు వస్తుంది.

రైతుల పాస్‌బుక్కుల దగ్గర మన జిల్లాల్లో ప్రత్యేకంగా చూడాల్సినవి ఉన్నాయి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, పాత కోడ్ ఉన్న పాస్‌బుక్కులు ఇంకా తెస్తారు. గ్రామీణ వికాస్ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగం. కాబట్టి పోయిన సీజన్ లిస్టుని అలాగే కాపీ చేయకండి, ఐఎఫ్ఎస్‌సీ మళ్లీ చూడండి. కోడ్ 11 అక్షరాలు, అయిదోది ఎప్పుడూ సున్నా. అక్కడ ఇంగ్లిషు "ఓ" కొట్టేవాళ్లు చాలామంది.

ఇంకో రెండు. రైతు ఇచ్చినది సేవింగ్స్ నంబరా, పంట రుణం నంబరా? రుణ ఖాతాకి పడితే బ్యాంకు అప్పు కింద జమ వేసుకుంటుంది, ఆయన మీ గేటు దగ్గరికి వస్తాడు. అలాగే పూర్తి కేవైసీ లేని "స్మాల్ అకౌంట్" అయితే నిల్వ 50 వేలు, ఏడాది మొత్తం జమలు లక్ష దాటకూడదు. అయిదు బస్తాల డబ్బు అందులో పట్టదు.

నెఫ్ట్ 24 గంటలూ, ఆదివారం కూడా నడుస్తుంది, అరగంటకో బ్యాచ్. 2 లక్షలు, ఆ పైన అయితే ఆర్టీజీఎస్. చార్జీకి భయపడక్కర్లేదు. 10 వేల నుంచి లక్ష లోపు నెఫ్ట్‌కి బ్యాంకు గరిష్ఠంగా తీసుకోగలిగేది 5 రూపాయలు, జీఎస్టీతో 5.90. 25 మందికి 147.50. చెకర్‌కి టీ, టిఫిను ఖర్చు అంతకంటే ఎక్కువ.

---

పలాస_బద్ద

రాజాం వారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. బల్క్ ఫైలు పెట్టేటప్పుడు "సింగిల్ డెబిట్", "మల్టిపుల్ డెబిట్" అని అడుగుతుంది. మల్టిపుల్ పెట్టండి. సింగిల్ అయితే స్టేట్‌మెంట్‌లో 15 లక్షలు ఒకే లైనుగా పోతాయి, తిరిగొచ్చినవి మాత్రం విడివిడిగా జమ అవుతాయి. ఏది ఎవరిదో వెతకడానికి సాయంత్రం సరిపోదు.

---

రాజాం_మేకర్

@పలాస_బద్ద, ఒక్కో రోజు 25 మందే అయితే మీరు చెప్పింది సరే. కానీ కూలీల వారం జీతాలు కూడా ఇందులోనే వేస్తే సింగిల్ డెబిట్ నయం. ఎవరికి ఎంత అన్నది బ్యాంకు స్టేట్‌మెంట్ చూసే ప్రతివాడికీ తెలియదు. అప్పుడు ఫైలు పూర్తయ్యాక బ్యాంకు ఇచ్చే రెస్పాన్స్ ఫైలు తప్పనిసరిగా దించుకోవాలి. ఒక్కో లైనుకి యూటీఆర్ (ఆ లావాదేవీ నంబరు), పాసా ఫెయిలా అన్నది అందులోనే ఉంటుంది. రైతులకి మల్టిపుల్, జీతాలకి సింగిల్ అని రెండు ఫైళ్లు పెట్టుకుంటే గొడవ లేదు.

---

విజయనగరం_సీసీ

రెండో ప్రశ్నకి వస్తాను. అసలు డబ్బు కారిపోతున్నది అక్కడ.

సీసీ వడ్డీ రోజువారీ బాకీ మీద లెక్కిస్తారు. మీ కరెంట్ ఖాతాలో సగటున 14 లక్షలు ఊరికే ఉంటే, సీసీ రేటు 10 శాతం అనుకుంటే, రోజుకి 383 రూపాయల 56 పైసలు. నెలకి సుమారు 11,500. ఒక గుమస్తా జీతంలో మంచి వాటా. కరెంట్ ఖాతా వడ్డీ ఇవ్వదు, అవతల సీసీ వడ్డీ ఆగదు. ఎఫ్‌డీ వేద్దాం అనే ఆలోచన కూడా సీసీ వాడకం ఉన్నంతకాలం తప్పే, ఎఫ్‌డీ రేటు సీసీ రేటుని అందుకోదు.

పరిష్కారం: పప్పు కొనే పార్టీలందరికీ సీసీ ఖాతా నంబరే ఇన్వాయిస్ మీద వేయండి. శాంక్షన్ లెటర్ తీసి చదవండి, అమ్మకాల వసూళ్లు తమ దగ్గరికే రావాలన్న షరతు చాలా లెటర్లలో ఉంటుంది, రెన్యూవల్‌కి టర్నోవర్ చూసేదీ అక్కడే. కరెంట్ ఖాతా పూర్తిగా మూసేయక్కర్లేదు, దాని పని ఏంటో క్యూఆర్ గురించి రాసేవాళ్లు చెప్తారనుకుంటా.

ఇన్వాయిస్ మీద నంబరు మారిస్తే సరిపోదు. కొనే పార్టీలకి తెలిసిన నంబరుకి ఫోన్ చేసి చెప్పండి, సంస్థ లెటర్‌హెడ్ మీద పంపండి. "మా బ్యాంకు ఖాతా మారింది" అనే మెయిలే ఇప్పుడు మోసగాళ్ల మొదటి ఆయుధం, జాగ్రత్త ఉన్న పార్టీ నమ్మదు, నమ్మకూడదు కూడా. మీకు ప్యాకింగ్ టిన్నులు, మెషీన్లు ఇచ్చేవాళ్ల నుంచి అలాంటి మెయిల్ వచ్చినా ఇదే పద్ధతి. మెయిల్‌లో ఉన్న ఫోన్ నంబరుకి కాకుండా పాత బిల్లు మీద ఉన్న నంబరుకి చేయాలి.

ఇక డ్రాయింగ్ పవర్. లిమిట్ 2 కోట్లున్నా మీరు వాడగలిగేది స్టాక్ స్టేట్‌మెంట్ (బ్యాంకుకి ఇచ్చే సరుకు, బాకీల లెక్క) చెప్పినంతే. మార్జిన్లు (విలువలో బ్యాంకు అప్పు ఇవ్వకుండా తగ్గించే భాగం) బ్యాంకుని బట్టి మారతాయి, స్టాక్ మీద 25, బాకీల మీద 40 శాతం అనుకుని లెక్క వేస్తే:

స్టాక్ 2.60 కోట్లు. అందులో పిక్కలవాళ్లకి ఇంకా ఇవ్వాల్సింది 20 లక్షలు తీస్తే 2.40. పావు వంతు మార్జిన్ పోతే 1.80 కోట్లు. పార్టీల నుంచి రావాల్సింది 60 లక్షలు, అందులో 90 రోజులు దాటినవి 10 లక్షలు పక్కన పెడతారు. 50 లక్షల్లో 40 శాతం పోతే 30 లక్షలు. మొత్తం 2.10 కోట్లు. లిమిట్ 2 కోట్లే కాబట్టి 2 కోట్లు వాడుకోవచ్చు.

పిక్కల సీజన్‌లో చిక్కు ఎక్కడొస్తుందంటే, సరుకు గోదాంలోకి రోజూ దిగుతుంటుంది, డ్రాయింగ్ పవర్ మాత్రం పోయిన నెల స్టేట్‌మెంట్ దగ్గరే ఆగి ఉంటుంది. మే మధ్యలో ఫైలు "నిల్వ చాలదు" అని తిరగ్గొడుతుంది, గోదాం నిండా సరుకు ఉంటుంది. సీజన్ మూడు నెలలూ 15 రోజులకోసారి స్టేట్‌మెంట్ తీసుకోమని మేనేజర్ గారిని ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి. ఏప్రిల్‌లో అడిగితే ఎవరికీ తీరిక ఉండదు.

ఇంకో పెద్ద ఖర్చు చాలామంది ముందుగా లెక్కలో పెట్టుకోరు. రైతు దగ్గర నేరుగా కొన్న పిక్కలకి జీఎస్టీ 5 శాతం రివర్స్ చార్జీ కింద మీరే కట్టాలి, అదీ జీఎస్టీ పోర్టల్‌లోని క్యాష్ లెడ్జర్‌లోంచి. ఇన్‌పుట్ క్రెడిట్‌తో (కొనుగోళ్ల మీద ముందే కట్టిన పన్నుతో) సర్దడం కుదరదు. మేలో కోటి రూపాయల పిక్కలు కొంటే జూన్ 20కి 5 లక్షలు నగదుగా వెళ్లాలి. ఆ 5 లక్షలూ క్రెడిట్‌గా అదే రిటర్న్‌లో తీసుకోవచ్చు, కానీ పప్పు అమ్ముడయ్యేకొద్దీ గానీ అది తరగదు. సీజన్‌లో కొని ఏడాదంతా అమ్మే వ్యాపారంలో ఈ డబ్బు నెలల తరబడి పోర్టల్‌లోనే ఉండిపోతుంది. రిజిస్టర్డ్ వ్యాపారి దగ్గర కొంటే ఆ పన్ను ఆయన బిల్లులోనే వస్తుంది, రివర్స్ చార్జీ రాదు. రైతు కొనుగోళ్లకి మాత్రం సెల్ఫ్ ఇన్వాయిస్ (ఆయన బదులు మీరే రాసుకునే బిల్లు) రాయడం మర్చిపోకండి.

కాబట్టి ప్రతి శనివారం ఒక కాగితం మీద వచ్చే నాలుగు వారాలు గీయండి. 7న టీడీఎస్, 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న జీఎస్టీ, నెలాఖరున సీసీ వడ్డీ, కరెంటు బిల్లు, వారం వారం కూలీలు. వీటి పక్కన ఏ పార్టీ ఆర్టీజీఎస్ ఏ వారం రావచ్చో రాయండి. చిన్న యూనిట్‌కి ట్రెజరీ అంటే ఈ కాగితమే, పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

---

కాశీబుగ్గ_చిట్టా

చాలా ధన్యవాదాలండి. రివర్స్ చార్జీ 20వ తారీఖు సంగతి మా శనివారం లెక్కలో నిజంగానే లేదు.

రెండు సందేహాలు. కొందరు రైతులు క్యాషే కావాలంటారు, 10 వేలు దాటి ఇవ్వకూడదు కదా? పప్పు పార్టీల్లో ఒకరిద్దరు ఇంకా చెక్కులే పంపుతారు, వాటి సంగతి?

---

విజయనగరం_సీసీ

క్యాష్: ఒక మనిషికి ఒక రోజు 10 వేలు దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు పన్ను లెక్కలో ఒప్పుకోరు, పాత ఆదాయపు పన్ను చట్టంలో 40ఎ(3) అంటారు. కానీ పండించిన రైతుకే ఇస్తే మినహాయింపు ఉంది. పట్టాదారు పాస్‌బుక్ కాపీ, సంతకం చేసిన వోచరు, కాటా చీటీ మూడూ కలిపి పిన్ను పెట్టండి. ఊళ్లో పదిమంది దగ్గర పోగుచేసి తెచ్చే దళారికి ఈ మినహాయింపు రాదు. ఆయన కూడా "రైతునే" అంటాడు, పాస్‌బుక్ అడిగితే తేలిపోతుంది. ఇంకోటి, ఏడాదిలో ఒక బ్యాంకు నుంచి తీసిన క్యాష్ కోటి దాటితే పైమొత్తం మీద 2 శాతం టీడీఎస్ పట్టుకుంటారు.

చెక్కు: 2025 అక్టోబరు 4 నుంచి క్లియరింగ్ రోజంతా నడుస్తోంది. క్లియరింగ్ వేళల్లో వేసిన చెక్కుకి అవతలి బ్యాంకు ఆ సాయంత్రం 7 లోపు అవునో కాదో చెప్పాలి. అమ్మకానికి ఇది మీకు మంచిదే. మీరు ఇచ్చే చెక్కుకి మాత్రం "రేపు డబ్బు సర్దుదాం" అనుకోవడం ఇక కుదరదు. 50 వేలు, ఆ పైన చెక్కుకి పాజిటివ్ పే వివరాలు (చెక్కు నంబరు, పేరు, మొత్తం ముందే బ్యాంకుకి చెప్పడం) ఎక్కించండి, 5 లక్షలు ఆ పైన అయితే చాలా బ్యాంకులు అవి లేకుండా పాస్ చేయవు.

పార్టీ నెలల తరబడి సాగదీస్తుంటే మీ ఉద్యమ్ నంబరు (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్) బిల్లు మీద అచ్చు వేయించండి. సూక్ష్మ, చిన్న తయారీ సంస్థకి ఒప్పందం ఉంటే 45 రోజులు, లేకపోతే 15 రోజుల్లో కట్టకపోతే, ఆ ఖర్చు వాళ్ల పన్ను లెక్కలో కట్టిన ఏడాదిలోనే ఒప్పుకుంటారు. మార్చి నెలలో ఈ నంబరు బాగా పనిచేస్తుంది.

---

బొబ్బిలి_సౌండ్‌బాక్స్

క్యూఆర్ లెక్క కలవకపోవడానికి మూడే కారణాలు ఉంటాయి, వరుసగా చూడండి.

ఒకటి, కౌంటర్ రోజు వేరు, కంపెనీ రోజు వేరు. మీరు రాత్రి 9కి షట్టర్ దించుతారు, వాళ్ల రోజు అర్ధరాత్రికి తెగుతుంది, డబ్బు మర్నాడు పడుతుంది. శని, ఆదివారాల మొత్తం ఒక్కటిగా పడే ప్లాన్లు కూడా ఉన్నాయి. రెండు, కోతలు. బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐకి 2020 జనవరి నుంచి వ్యాపారికి చార్జీ లేదు. కానీ రూపే క్రెడిట్ కార్డుతో స్కాన్ చేసినవాటికి కోత పడొచ్చు, సౌండ్‌బాక్స్ అద్దె కూడా అందులోనే మినహాయించుకుంటారు. మూడు, కౌంటర్ కుర్రాడి సొంత క్యూఆర్. రద్దీలో "దీనికి కొట్టండి సార్" అంటాడు, సాయంత్రం క్యాష్‌తో సర్దుతాడు. సర్దాడో లేదో ఎవరికి తెలుసు.

ట్యాలీలో "క్యూఆర్ వసూళ్లు" అని ఒక లెడ్జర్ తెరవండి. రోజు బిల్లుల్లో యూపీఐ మొత్తం పూర్తిగా దానికి డెబిట్. బ్యాంకులో పడినప్పుడు పడినంతే దానికి క్రెడిట్, కోత చార్జీల కింద. సెటిల్‌మెంట్ రిపోర్టు యాప్‌లోంచి రోజూ దించి పెట్టుకోండి. ఆ లెడ్జర్‌లో ఒక రోజు అమ్మకం కంటే ఎక్కువ నిలిచి ఉంటే వెతకాలి, లేకపోతే వదిలేయండి.

ఇక కరెంట్ ఖాతా దేనికి ఉంచాలో. క్యూఆర్‌ని ఆ ఖాతాకే ఉంచండి, సీసీకి ఎప్పుడూ కలపకండి. కారణం లీన్, అంటే ఖాతాలో డబ్బు కదలకుండా బ్యాంకు వేసే పట్టు. సైబర్ మోసంలో పోయిన డబ్బు చేతులు మారి మారి ఎవరో మీ దగ్గర 2 కేజీల పప్పు కొన్నాడనుకోండి. బాధితుడు 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాక ఆ గొలుసులో ఉన్న ఖాతాలన్నిటి మీదా పోలీసుల కోరిక మీద బ్యాంకులు పట్టు వేస్తాయి. కొన్నిసార్లు 1,800 రూపాయల కోసం మొత్తం ఖాతానే ఆపేస్తారు. అది సీసీ అయితే ఆ రోజు 25 మంది రైతుల ఫైలు ఆగినట్టే. వేరే ఖాతా అయితే కౌంటర్ డబ్బు మాత్రమే ఆగుతుంది. క్యూఆర్ ఖాతాలో 50 వేలు దాటాక మిగతాది రోజూ సీసీకి మార్చేయండి, విజయనగరం వారి వడ్డీ లెక్క కూడా తప్పదు.

పట్టు పడితే బ్యాంకుని అడగాల్సినవి: ఫిర్యాదు నంబరు, ఏ పోలీస్ స్టేషన్, ఎంత మొత్తం, ఏ లావాదేవీ. ఆ బిల్లు కాపీ, ఉంటే ఆ టైము సీసీటీవీ తీసి పెట్టి, వివాదంలో ఉన్న మొత్తానికే లీన్ పరిమితం చేయమని బ్యాంకుకీ, ఆ స్టేషన్‌కీ రాతలో పంపండి. ఫోన్లో చెప్పినదానికి విలువ ఉండదు.

---

కాశీబుగ్గ_చిట్టా

క్యూఆర్‌ని విడిగా ఉంచాలన్నది బాగా అర్థమైంది. చివరిగా ఒకటి. మా వైపు "సక్సెస్" అని ఉంటుంది, రైతు పడలేదంటాడు. అప్పుడు మళ్లీ వేయాలా?

---

రాజాం_మేకర్

వేయకండి. ముందు నంబరు చూడండి. నెఫ్ట్ యూటీఆర్ 16 అక్షరాలు, ఆర్టీజీఎస్‌ది 22, యూపీఐ, ఐఎంపీఎస్‌లకి 12 అంకెలు. మీ ఫైలు రిఫరెన్స్ నంబరు ఇచ్చి పంపితే రైతు బ్యాంకు వాళ్లకి ఏమీ కనిపించదు, "పడలేదు" అనే చెప్తారు. సగం గొడవలు అక్కడే మొదలవుతాయి.

నెఫ్ట్ జమ కాకపోతే బ్యాచ్ అయిన 2 గంటల్లో వెనక్కి రావాలి. ఆర్టీజీఎస్ అయితే అవతలి బ్యాంకు 30 నిమిషాల్లో జమ చేయాలి, కుదరకపోతే గంటలో తిప్పి పంపాలి. అప్పటికీ మీ ఖాతాకి రాలేదంటే ఎక్కడో జమ అయిందనే అర్థం: రుణ ఖాతాకో, ఇంట్లో ఇంకొకరి పేరున్న ఖాతాకో, తప్పు నంబరుకో. అసలైన యూటీఆర్ రాసిన కాగితంతో రైతుని ఆయన బ్రాంచికి పంపండి, సేవింగ్స్‌తో పాటు రుణ ఖాతా స్టేట్‌మెంట్ కూడా అడగమనండి. తప్పు నంబరని తేలితే అదే రోజు మీ బ్యాంకుకి రాసివ్వండి. అవతలి ఖాతాదారు ఒప్పుకుంటే తప్ప డబ్బు వెనక్కి తీయలేరు, ఆయన తీసేసుకునేలోపు పట్టు వేయించడమే మీ చేతిలో ఉన్న పని.

యూపీఐ అయితే మనిషికి మనిషి లావాదేవీ మర్నాటికి, వ్యాపారికి చేసింది 5 రోజులకి దానంతట అది తిరిగి రావాలి. దాటితే రోజుకి 100 రూపాయల పరిహారం ఉంది, అడగకుండానే వేయాలి. వేయకపోతే అడగండి.